శాసనమునకు మించిన శాసనము: రాజ్యాంగ న్యాయస్థానములు, ప్రజల హక్కులు

రాజు ధర్మమునకు లోబడినవాడా, ధర్మము రాజునకు లోబడినదా అను ప్రశ్న ప్రాచీనమైనది. బృహదారణ్యకోపనిషత్తు ధర్మమును పాలకులకు పాలకునిగా భావించి, బలహీనుడు సైతము ధర్మము నూతగొని బలవంతు నెదిరింపగలడని బోధించినది. పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన యాజ్ఞవల్క్య స్మృతి వ్యాఖ్యయగు మితాక్షరను విజ్ఞానేశ్వరీయ మను పేర తెనిగించి, ఋణాదానము, నిక్షేపము, సీమావివాదము మొదలగు వ్యవహారములను తీర్చు పద్ధతిని తెలుగువారి కందించెను. రాజు సభ్యులతో గూడి ఇరుపక్షముల వాదము లాలించి తీర్పు చెప్పవలెనని ఆ శాస్త్రముల నిర్ణయము. కాని రాజే తప్పు చేసిన యెడల బాధితు డెవరితో మొరపెట్టుకొనవలెను? పాపభీతియు నరకభయమును చెప్పి ధర్మశాస్త్రములు రాజును హెచ్చరించినవే గాని, రాజశాసనమును రద్దు చేయగల పీఠము నొకదానిని నెలకొల్పలేదు. ఆ లోటును పూరించుటకే ఆధునిక కాలమున రాజ్యాంగ న్యాయస్థానము లేర్పడినవి.

ఇంగ్లండు దేశమున పార్లమెంటు చేసిన చట్టమే తుదిమాట. దానిని చెల్లదని త్రోసిపుచ్చు అధికారము అచ్చటి న్యాయమూర్తులకు లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములవారు 1787లో లిఖిత రాజ్యాంగమును రచించుకొనిరి. 1803లో మార్బరీ వ్యాజ్యమున ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, రాజ్యాంగమునకు విరుద్ధమైన చట్టము చట్టమే కాదని తీర్పు చెప్పెను. అదిమొదలు శాసనసభలు చేసిన శాసనములను పరీక్షించు అధికారము న్యాయస్థానములకు సంక్రమించినది. భారతదేశమున ఆంగ్లేయుల పరిపాలనలో 1937లో ఫెడరల్ కోర్టు నెలకొనెను గాని, ప్రజలకు ప్రాథమిక హక్కులని చెప్పదగినవి నాటి చట్టములో లేనందున అది ప్రభుత్వముల అధికారముల నడుమ సరిహద్దులు చూచుటకే పరిమితమైయుండెను.

1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము ఈ విషయమున అమెరికా రాజ్యాంగము కంటె స్పష్టమైనది. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టము, ఆ విరోధ మెంతమేరకో అంతమేరకు చెల్లదని 13వ అధికరణము శాసించుచున్నది. హక్కు భంగమైన పౌరుడు నేరుగా సుప్రీంకోర్టు నాశ్రయించుటయే ఒక ప్రాథమిక హక్కుగా 32వ అధికరణమున చేర్చబడెను. ఈ అధికరణమే రాజ్యాంగమునకు ప్రాణమును హృదయమును వంటిదని డాక్టరు అంబేద్కరు 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో అభిప్రాయపడిరి. 226వ అధికరణము హైకోర్టుల కట్టి అధికారమునే, కొంత విశాలముగా, ప్రసాదించినది. నిర్బంధింపబడిన మనుష్యుని తమ యెదుట హాజరుపరుపుడని యాజ్ఞాపించు హెబియస్ కార్పస్, విధిని నెరవేర్పుడని అధికారిని ఆదేశించు మాండమస్ మొదలగు రిట్లు ఆ న్యాయస్థానముల చేతిలోని సాధనములు.

1950 జనవరి 28న ఢిల్లీలో సుప్రీంకోర్టు ప్రారంభమైనది. ప్రథమ ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కనియా. తెలుగు జిల్లాలు నాడు మద్రాసు రాష్ట్రమున చేరియుండుటచే, ఆ కాలపు ముఖ్య వ్యాజ్యములు పెక్కింటితో తెలుగువారికిని సంబంధ మున్నది. వైద్య, ఇంజనీరింగు కళాశాలల సీట్లను పదునాలుగు భాగములు చేసి, ఒక్కొక్క వర్గమున కిన్నియని పంచి పెట్టిన మద్రాసు ప్రభుత్వపు ఉత్తరువును 1951లో చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు కొట్టివేసెను. అంతట పార్లమెంటు ఆ సంవత్సరమే రాజ్యాంగమును సవరించి, వెనుకబడిన వర్గముల అభ్యున్నతికై ప్రత్యేక ఏర్పాట్లు చేయుటకు వీలు కల్పించినది. న్యాయస్థానము చట్టము నాపిన చోట ప్రజాప్రతినిధులు రాజ్యాంగమునే దిద్దుట అప్పుడే ప్రారంభమైనది. 1952లో వి. జి. రావు వ్యాజ్యమున, విజ్ఞానవ్యాప్తి ఆశయముగా గల ఒక సంఘమును న్యాయవిచారణ లేకయే చట్టవిరుద్ధమని ప్రకటించుటకు ప్రభుత్వమునకు వీలిచ్చిన మద్రాసు శాసనము చెల్లదని తీర్పు వచ్చినది. హక్కుల విషయమున న్యాయస్థానము ఏమరుపాటు లేని కావలివానివలె నుండవలసినదని ఆ సందర్భమున ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి చెప్పిన మాట ప్రసిద్ధమైనది.

ఈ హక్కులు మహానగరములవారికే గాని పల్లెలకు సంబంధించినవి కావని యెంచువారికి పెరవలిపాలెము వ్యాజ్యము చక్కని సమాధానము. ఆంధ్ర జిల్లాలలో మునసబు, కరణము మొదలగు గ్రామోద్యోగములు తరతరములుగ వంశపారంపర్యముగా వచ్చుచుండెను. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము ఆ యాచారమునకు శాసనబలము చేకూర్చినది. గ్రామములను విడదీసినను కలిపినను పాత యుద్యోగములు రద్దై, క్రొత్త యుద్యోగము లేర్పడునని, వానికి మరల పాత యుద్యోగుల కుటుంబములలోనివారినే కలెక్టరు ఎన్నుకొనవలెనని దాని 6వ సెక్షను నిర్దేశించెను. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో పెరవలినుండి పెరవలిపాలెము వేరు గ్రామముగా నేర్పడినప్పుడు, క్రొత్త మునసబు పదవికి పలువురు దరఖాస్తులు పెట్టుకొనిరి. తుదకు అధికారులు పూర్వపు మునసబు కుటుంబమునకు చెందిన వ్యక్తినే నియమించిరి. వంశము కానందున అవకాశము కోల్పోయిన దరఖాస్తుదారు 32వ అధికరణము క్రింద సుప్రీంకోర్టు నాశ్రయించెను.

ప్రభుత్వోద్యోగములలో మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము అను వానిని మాత్రమే కారణముగా చేసికొని ఏ పౌరునియెడలను వివక్ష చూపరాదని రాజ్యాంగము 16వ అధికరణము చెప్పుచున్నది. మునసబు పదవి ప్రభుత్వోద్యోగము కాదనియు, అది కుటుంబపు ఆస్తివంటి దనియు ఎదురువాదము వచ్చెను. పదవి వేరు, పదవికి చేరిన ఫలము వేరు; శిస్తు వసూలు చేసి, శాంతిభద్రతలకు బాధ్యత వహించువాడు ప్రభుత్వపు టుద్యోగియే యని న్యాయస్థానము నిర్ణయించినది. 1960 డిసెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వంశమును మాత్రమే చూచి ఎన్నుకొనుమను ఆ 6వ సెక్షను నిబంధన చెల్లదని తీర్పిచ్చెను. అరువదియైదేండ్ల శాసనము, అంతకంటె ఎన్నియో రెట్లు పాతదైన ఆచారము, ఒక పల్లెవాసి యర్జీతో ఆ మేరకు నేలకూలినవి.

ఇందు మరియొక ముఖ్య విశేషమును గమనింపవలెను. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా మునసబు, కరణము మొదలగు గ్రామోద్యోగములను మొత్తముగా రద్దు చేసినది. జీవనాధారము కోల్పోయిన పలువురు న్యాయస్థానముల కెక్కిరి. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లునని తేల్చినది. 1960లో గ్రామోద్యోగపు చట్టమును కొట్టివేసిన న్యాయస్థానమే, గ్రామోద్యోగములను తీసివేసిన శాసనమును నిలిపినదేమని కొందరు విస్తుపోయిరి. కాని రెండింటియందును సూత్ర మొక్కటియే. ఒక యుద్యోగ ముండవలెనా వలదా అనునది విధాన విషయము. దానిని ప్రజలెన్నుకొన్న ప్రభుత్వము నిర్ణయించును. ఉద్యోగ మున్నంతకాలము దాని తలుపు పుట్టుకను బట్టి తెరచుటయు మూయుటయు మాత్రము హక్కునకు సంబంధించినది. అది న్యాయస్థానము చూడవలసిన విషయము. చట్టము మంచిదా చెడ్డదా అను విచారము వేరు, చట్టము రాజ్యాంగమునకు లోబడినదా అను విచారము వేరు. ఈ భేదమును తెలిసినవానికి న్యాయసమీక్ష యనగా నేమో సగము తెలిసినట్లే.

న్యాయస్థానముల చరిత్రలో పల్లెలను మిక్కిలి కదలించిన వివాదము భూమిని గూర్చినది. జమీందారీల రద్దు చట్టములను జమీందారులు ఆస్తిహక్కు పేర ఎదిరించిరి. 1951లో పాట్నా హైకోర్టు బీహారు భూసంస్కరణ చట్టమును కొట్టివేసెను. పార్లమెంటు వెంటనే మొదటి సవరణ చేసి, తొమ్మిదవ షెడ్యూలు నేర్పరచి, పదమూడు చట్టముల నందు చేర్చి, హక్కుల పేర వానిని ప్రశ్నింప వీలులేకుండ రక్షణ కల్పించినది. ఆ సవరణ చెల్లునని ఆ సంవత్సరమే శంకరీప్రసాద్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు అంగీకరించెను. దున్నువానికి భూమి చేరవలెనన్న ఆశయ మొకవైపు, హక్కులను చట్టసభలు ఇచ్చవచ్చినట్లు తీసివేయరాదన్న భయ మొకవైపు. రెండును న్యాయమైనవే యగుటచే ఈ వివాదము ఇరువది రెండేండ్లు సాగినది.

పంజాబులో 500 ఎకరములకు పైబడిన భూమి గల గోలక్ నాథ్ కుటుంబమువారి వ్యాజ్యమున, 1967 ఫిబ్రవరి 27న పదునొకండుగురు న్యాయమూర్తులు ఆరైదుగురుగా చీలి, ప్రాథమిక హక్కులను తగ్గించు అధికారము పార్లమెంటునకు లేదని నిర్ణయించిరి. ప్రధాన తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన కోకా సుబ్బారావు. 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియు వారే. అయితే వారు ఆ తీర్పును వెనుకటి కాలమునకు వర్తింపజేయలేదు. జరిగిపోయిన భూపంపిణీ తలక్రిందులు కారాదని, ఇకమీది సవరణలకు మాత్రమే నిషేధము వర్తించునని వారు నిర్ణయించిరి. ఆ విధముగా రైతులకు చేరిన భూములు రైతులకే మిగిలినవి.

పార్లమెంటు 1971లో 24వ సవరణ చేసి, రాజ్యాంగములోని ఏ భాగమునైనను సవరించు అధికారము తనకు గలదని ప్రకటించెను. కేరళలోని కాసరగోడు ప్రాంతపు ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి, తమ మఠభూములకు సంబంధించి వేసిన వ్యాజ్యమున ఆ సవరణ విచారణకు వచ్చినది. పదుమువ్వురు న్యాయమూర్తులు 68 దినములు వాదము లాలించిరి. 1973 ఏప్రిల్ 24న ఏడ్గురు ఒకవైపు, ఆర్గురు ఒకవైపు నిలిచి, పార్లమెంటు ఏ అధికరణమునైనను సవరింపవచ్చును గాని, రాజ్యాంగపు మౌలిక స్వరూపమును ధ్వంసము చేయరాదని తీర్పు చెప్పిరి. ఆ ఏడ్గురిలో, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి. జగన్మోహనరెడ్డి యొకరు. గృహస్థు తన యింటికి క్రొత్త గది చేర్చుకొనవచ్చును, పాత గోడ తీసివేయవచ్చును. పునాదిని త్రవ్వివేసి, ఇది ఆ యిల్లేయని చెప్పుటకు మాత్రము వీలులేదు. ఆ తీర్పు సారాంశ మింతమాత్రమే. భూసంస్కరణలును నిలిచినవి, రాజ్యాంగమును నిలిచినది. 1978లో 44వ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల పట్టికనుండి తొలగించి, చట్టప్రకారము తప్ప ఎవరి యాస్తిని తీసికొనరాదన్న సామాన్య రాజ్యాంగపు హక్కుగా మార్చినది. ఆ మార్పునకు న్యాయస్థానము అడ్డుపడలేదు.

న్యాయస్థాన మెల్లవేళల కావలి కాసినదని చెప్పుట చరిత్రకు ద్రోహము. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. విచారణ లేక చెరసాలలో నుంచబడినవారి తరపున వచ్చిన అర్జీలను విచారించు అధికారము తమకు గలదని తొమ్మిది హైకోర్టులు నిర్ణయించినవి. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు అప్పీలు చేసెను. అధికారి ద్వేషబుద్ధితో ఒకని ప్రాణము తీసినను న్యాయస్థానమున దిక్కు లేదా యని న్యాయమూర్తి హెచ్. ఆర్. ఖన్నా ప్రశ్నింపగా, అత్యవసర పరిస్థితి సాగినంతకాలము లేదనియే ప్రభుత్వపక్షము బదులు చెప్పినది. 1976 ఏప్రిల్ 28న నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వపు వాదమునే అంగీకరించిరి. ఖన్నా ఒక్కరే విభేదించిరి. 1977 జనవరిలో వారికి రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి వారికంటె చిన్నవారి కీయబడెను. వారు రాజీనామా చేసిరి. కావలివాడు నిద్రించిన రాత్రి ఊరి కెట్టి ఆపద కలుగునో ఆ తీర్పు నేర్పిన పాఠము. ఆపద తొలగిన తరువాత పార్లమెంటే 44వ సవరణ ద్వారా, అత్యవసర పరిస్థితిలో సైతము ప్రాణ స్వేచ్ఛల హక్కు నిలుపుదల కాకుండ కట్టుదిట్టము చేసినది.

ఈ చరిత్రలో విచిత్రమైన విషయ మొకటి కలదు. ఓడిపోయిన అభిప్రాయములే పెక్కుమార్లు కాలక్రమమున గెలిచినవి. 1950లో ఏ. కె. గోపాలన్ నిర్బంధ వ్యాజ్యమున, చట్టసభ చేసిన ఏ పద్ధతియైనను చాలునని అధిక సంఖ్యాకులు చెప్పగా, ఆ పద్ధతి న్యాయమైనదై యుండవలెనని ఫజల్ అలీ విభేదించిరి. 1978లో మేనకా గాంధీ వ్యాజ్యమున ఆ భావమే దేశమునకు శాసనమైనది. 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యమున, పోలీసులు పౌరుని వెన్నంటి గమనించుట అతని స్వేచ్ఛకు భంగమనియు, ఏకాంతము స్వేచ్ఛలో భాగమనియు కోకా సుబ్బారావు విభేదించి వ్రాసిరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి వ్యాజ్యమున ఏకగ్రీవముగా ఏకాంతము ప్రాథమిక హక్కేయని నిర్ణయించుచు, ఆ తెలుగు న్యాయమూర్తి మార్గమునే యనుసరించిరి. ఆ సందర్భముననే 1976 నాటి అత్యవసర కాలపు తీర్పు తప్పని ప్రకటింపబడి, ఖన్నా అభిప్రాయము నెగ్గినది. ఒంటరిగ పలికిన సత్యము సభలో ఓడినను కాగితముపై నిలిచియుండుటచే తరువాతి తరమువారికి దారి చూపినది. వ్రాతకు గల మహిమ యిట్టిది.

న్యాయస్థానపు ద్వారము పేదలకు తెరచుకొనుట ఆలస్యముగా జరిగినది. 1979లో బీహారు చెరసాలల వ్యాజ్యమున, నేరము రుజువైన పడవలసిన శిక్షకంటె ఎక్కువ కాలము విచారణ లేకయే మ్రగ్గుచున్న ఖైదీల సంగతి వెలికి వచ్చినది. త్వరిత విచారణ వారి హక్కని సుప్రీంకోర్టు చెప్పెను. ఖైదీ వ్రాసిన ఉత్తరమును సైతము అర్జీగా స్వీకరించు ఆచార మా రోజులలోనే బలపడినది. 1997లో సమత సంస్థ వ్యాజ్యమున, విశాఖపట్టణము జిల్లా గిరిజన ప్రాంతములలో గనుల కొరకు ప్రభుత్వము గిరిజనేతరులకు భూమిని కౌలుకిచ్చుట చెల్లదని తీర్పు వెలువడెను. గిరిజనుని భూమిని అన్యుడు కొనరాదన్నప్పుడు, ప్రభుత్వమే దాని నన్యుల కెట్లు ఇయ్యగలదని ఆ తీర్పు భావము.

అయినను లోపములు లేకపోలేదు. వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగును. హైకోర్టులు పల్లెలకు దూరము. 2019 జనవరి 1 నుండి తెలంగాణమునకు హైదరాబాదునను, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతియందును వేర్వేరు హైకోర్టులు పనిచేయుచున్నను, కూలివానికి ఆ ప్రయాణపు ఖర్చే భారము. న్యాయస్థానమునకు సైన్యము లేదు, ఖజానా లేదు. దాని యాజ్ఞ ప్రభుత్వపు విధేయతపైనను ప్రజల గౌరవముపైనను నడచును. తీర్పు వచ్చినంతమాత్రమున అమలు జరిగినదని తలపరాదు. ఈ కష్టమును కొంత తగ్గించుటకే 1987లో న్యాయసేవల చట్టము చేయబడినది. దాని ప్రకారము స్త్రీలు, బాలురు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాదిని పొందవచ్చును. ఇతర పేదలకు ఆదాయ పరిమితి నిర్ణయింపబడియున్నది. హక్కున్నదని యెరుగనివానికి ఆ హక్కు లేనట్లే యగుచున్నది.

పెరవలిపాలెము దరఖాస్తుదారు ఢిల్లీకి పంపిన అర్జీకి ఆధారము, ఎవరైనను చదువుకొనదగిన రాజ్యాంగములోని నాలుగు పంక్తులు మాత్రమే. ఆ పంక్తులు ఎరుగనిచో ఆ యర్జీ లేదు. ఆ యర్జీ లేనిచో ఆ తీర్పు లేదు. న్యాయమూర్తులు తమంతట తాము పల్లెల వెంట తిరిగి హక్కులు పంచిపెట్టరు. అడుగువాడు ముందుండవలెను, అడుగుటకు తెలివిడి వలయును. తెలుగులోనికి వచ్చిన రాజ్యాంగప్రతి యొకటి గ్రంథాలయపు బల్లపై నుండి, చదువు వచ్చినవాడు రానివానికి చదివి వినిపించు గ్రామమున, శాసనమునకు మించిన ఆ శాసనము బీరువాలో దాగక ప్రజల నాలుకలపై నిలుచును. ఇరువదియైదేండ్లుగా పుస్తకమును పల్లెకు చేర్చిన గ్రంథాలయము, తెలిసియో తెలియకయో, ఆ పనియే చేయుచున్నది.